వెచ్చని గది

గ్యాస్ కంపెనీ ఫిర్యాదుల ఆఫీసు రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో ఉంటుంది. పన్నెండు టేబుళ్లు, పన్నెండు ఫోన్లు. గోడ వైపు చివరి టేబుల్ దగ్గర తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న ఆవిడను తోటివాళ్లు నిదానమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదది. అవతలి మనిషి ఎంత గాభరాపడినా, తిట్టినా, ఏడ్చినా ఆవిడ గొంతు తొణకదు. "ముందు పొయ్యి ఆపండి. ఆపారా? ఇప్పుడు కిటికీ తియ్యండి. తీశారా?" అని ఒక్కో మాటా చేతిలో పెట్టినట్టు చెబుతుంది. కొత్తగా చేరిన అమ్మాయిలను మొదటి వారం ఆవిడ పక్కన కూర్చోబెట్టేది ఆ గొంతు వినడానికే.

భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ ఎరిగిన బావ. అందుకే ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు. "ఊరందరికీ నిదానం పంచిపెట్టి వస్తావు, ఇంటికొచ్చేసరికి మాకు గిన్నె ఖాళీ" అని అతను వేళాకోళం చేసేవాడు. వాళ్లకు ఆరేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు. కూతుర్ని పెద్దదీ అని, కొడుకును చిట్టిగాడూ అని పిలుస్తారు.

మంచు గొడవ మొదలుపెట్టింది పెద్దదే. తరగతిలో ఒకమ్మాయి కొండమీది ఊరికి వెళ్లి మంచులో ఆడి వచ్చిందట. ఆ రోజు నుంచి ఫ్రిజ్ పై అరలో పేరుకున్న మంచును చెంచాతో గీకి తమ్ముడి మెడలో వేయడం దాని పని. వాడు కెవ్వుమని అరిచి, మళ్లీ వెయ్యమని మెడ వంచేవాడు. "తీసుకెళ్దామే, ఒక్కసారి" అని బావ అడిగితే ఆవిడ ఏదో ఒక సాకు చెప్పేది. చిట్టిగాడికి జలుబంది. సెలవు దొరకదంది. అలా రెండు చలికాలాలు దాటేసింది.

అసలు సంగతి వేరే ఉంది. మూడేళ్ల కిందట, చిట్టిగాడు పుట్టి ఆవిడ మళ్లీ పనిలో చేరిన నెలలో, మధ్యాహ్నం పూట ఒక ఫోను వచ్చింది. ఎవరో తల్లి. "గదిలో హీటరు పెట్టుకున్నామండీ, మంట పసుపుగా వస్తోంది, ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. తలనొప్పిగా ఉందా అని నిదానమ్మ అడిగితే ఉందంది. పిల్లలకు కూడానా అంటే, "వాళ్లు పడుకున్నారు" అంది. ఆ రెండు మాటలకూ మధ్య చాలా ఎడం ఉంది. నోట్లో నాలుక బరువెక్కినట్టు, నీళ్లలోంచి నడిచి వస్తున్నట్టు ఉంది గొంతు. తలుపు తియ్యమని నిదానమ్మ నాలుగుసార్లు చెప్పింది. "చలి కదండీ, అన్నీ మూసేశాం" అంది ఆ తల్లి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఫోను మాత్రం తెరిచే ఉంది. కంపెనీ పంపిన మనుషులు వెళ్లి తలుపు పగలగొట్టిన చప్పుడు కూడా నిదానమ్మ చెవిలోనే పడింది.

నువ్వు చేయాల్సింది చేశావమ్మా అన్నాడు పైఅధికారి. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. సరిగ్గా మండని మంట నుంచి వచ్చే ఆ గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి దాన్ని నిద్ర అనుకుంటాడు. ఆ సంగతి తెలిసిన తల్లికి మంచు ఊరంటే మూసిన కిటికీలే కనిపిస్తాయి.

మూడో చలికాలం వచ్చేసరికి చెప్పడానికి సాకులు అయిపోయాయి. పిల్లల మొహాలు చూసి సరేనంది. ఒప్పుకున్నాక మాత్రం పెళ్లి పనులంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసింది. చేతి తొడుగులు పారేసుకోకుండా తాడుకి కట్టి కోటు చేతుల్లోంచి దూర్చింది. ఒక్కొక్కరికి మూడు జతల మేజోళ్లు. బస్సులో వాంతులు అవుతాయని కవర్లు, తడి గుడ్డలు. ప్రయాణం ఏడు గంటలు, చిట్టిగాడు రెండు గంటలకు మించి ఆగలేడు కాబట్టి బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో కండక్టర్‌నే అడిగి రాసుకుంది.

అన్నిటికన్నా గది దగ్గర ఆలస్యమైంది. కరెంటు హీటర్లున్న చోట్లు అప్పటికే నిండిపోయాయి. చివరికి ఒక ముసలావిడ ఇంట్లో గది దొరికింది.

"గ్యాస్ హీటరాండీ?" అని ఫోన్లో అడిగింది నిదానమ్మ.

"అవునమ్మా."

"పొగ బయటికి పోయే గొట్టం ఉందా?"

"గోడలోంచి బయటికే ఉంది. ఎందుకమ్మా అంత భయం? చంటిపిల్లలున్నారన్నావుగా, గది పొయ్యిలా వెచ్చగా ఉంచుతాను."

ముసలావిడ మంచి మనిషే. ఆ మంచితనమే నిదానమ్మను భయపెట్టింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అంత భయముంటే మానెయ్యవే" అంది అత్త. బావ నవ్వాడు. ఆఫీసులో మీటర్ల మేస్త్రిని అడిగి నిదానమ్మ ఒక తెల్ల డబ్బా అరువు తెచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. గదిలో ఆ విషగాలి చేరితే కీచుమని అరుస్తుంది. దాన్ని సంచిలో అన్నిటికన్నా పైన పెట్టింది.

కొండ ఎక్కే దారిలో బస్సు పొడవాటి సొరంగంలోకి దూరింది. లోపల దీపాలు లేవు. చిట్టిగాడి బొమ్మ టార్చి ఆరిపోయి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నిదానమ్మ అప్పుడు పెద్దదాని వాంతి తుడుస్తోంది. బావ సంచిలోంచి ఏదో తీశాడు, టార్చి వెలిగింది, వాడు ఏడుపు మానాడు. ఏం తీశాడో ఆవిడ చూడలేదు.

గది ఊరికి పైన, ఏటవాలు దారి చివర ఉంది. చేరగానే ఆవిడ పిల్లల కోట్లు కూడా విప్పకుండా ఇంటి వెనక్కి వెళ్లి గొట్టం చివర చూసింది. శుభ్రంగా ఉంది. హీటరు మంట నీలంగా, నిటారుగా ఉంది. కిటికీ సందుల్లో పాత కాగితాలు కుక్కి ఉన్నాయి. చలిగాలి రాకూడదని ముసలావిడ పనిగట్టుకుని చేసింది. నిదానమ్మ పైసందులోని కాగితం లాగేసి, తెల్ల డబ్బాను మంచం పక్క బల్లమీద పెట్టింది. బయల్దేరే ముందు నొక్కి చూసింది కదా అని మళ్లీ చూడలేదు. ఆ సాయంత్రం ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్నంతా పిల్లలు మంచులోనే ఉన్నారు. బావ జారిపడితే పెద్దది కడుపు పట్టుకుని నవ్వింది. నిదానమ్మకు కూడా నవ్వొచ్చింది, మూడేళ్ల బరువు కాస్త దిగినట్టనిపించింది. మధ్యాహ్నానికి మేజోళ్లన్నీ తడిసిపోయాయి. చిట్టిగాడికి నిద్రొస్తోందంటే బావ వాణ్ణి గదిలో పడుకోబెట్టాడు. ఆవిడ పెద్దదాన్ని తీసుకుని కింద బస్టాండు దగ్గర కొట్టుకు బయల్దేరింది. అప్పుడే ఎండ కాస్తోంది. వాళ్లు దారి మలుపు తిరిగేసరికి వెనక దబ్బుమని చప్పుడైంది. పైకప్పు మీది మంచు కరిగి ఒక్కసారిగా ఇంటి వెనక్కి జారింది. "ఇల్లు టోపీ తీసేసిందమ్మా" అని పెద్దది చప్పట్లు కొట్టింది. నిదానమ్మ ఒక్క క్షణం ఆగి చూసి, చలికి పిల్ల వణుకుతోందని మళ్లీ నడిచింది.

కొట్లో మేజోళ్లు ఎంచుతూ బావకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"చిట్టిగాడికి ఏ సైజు తీసుకోను?"

మాట లేదు. తర్వాత, "సైజా... చూడాలి" అన్నాడు.

"లేచి చూడు మరి."

"లేస్తాలే." మళ్లీ ఎడం. "తల కొంచెం బరువుగా ఉంది. ఎండకేమో. వాడు కూడా... తలనొప్పని పడుకున్నాడు."

 ఆ గొంతు నిదానమ్మకు తెలుసు. నీళ్లలోంచి నడిచి వస్తున్న గొంతు.

"ఇద్దరికీనా?" అంది.

"ఊఁ."

"మీరు ముందు లేచి నిలబడండి."

బావను మీరు అంటోందని ఆవిడకే తెలియదు. కొట్టతనికి పైనున్న ఇల్లు వేలితో చూపించి, "గదిలో గ్యాస్ నిండింది, మా ఆయన, బిడ్డ ఉన్నారు, తలుపు తియ్యండి" అంది. అతను తూకం వదిలేసి పరుగెత్తాడు. ఆవిడ పెద్దదాన్ని చంకనేసుకుని వెనకే ఎక్కింది. ఫోను చెవి దగ్గరే ఉంది.

"నిలబడ్డారా?"

"కాళ్లు రావట్లేదు. కాసేపు పడుకుని..."

"పడుకోకండి. పాకండి. బాబు ఎక్కడున్నాడు?"

"మంచం మీద."

"చెయ్యి పట్టుకుని కిందికి లాగండి. లాగారా?"

ఏదో కిందపడిన చప్పుడు. చిట్టిగాడు ఏడవలేదు.

"లాగాను."

"తలుపు వైపు పాకండి. నేను ఫోన్ పెట్టను. పాకుతూనే మాట్లాడండి."

"బయట చలే..."

"చలిగానే ఉండనివ్వండి. తలుపు ఎంత దూరంలో ఉంది?"

జవాబు లేదు. ఆవిడకు మోకాళ్ల దాకా మంచు, చంకలో పిల్ల. కానీ గొంతు మాత్రం టేబుల్ దగ్గర ఉన్నట్టే ఉంది. "తలుపు ఎంత దూరంలో ఉంది?" అని మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. అయిదోసారికి ఫోన్లో హోరుమని గాలి మోత వినిపించింది.

ఆవిడ చేరేసరికి బావ గడప మీద సగం లోపల, సగం బయట పడి ఉన్నాడు. ఒక చేత్తో చిట్టిగాడి చొక్కా పట్టుకుని ఉన్నాడు, ఆ పిడికిలి విప్పడానికి కొట్టతనికి చాలా కష్టమైంది. వాణ్ణి మంచులో కూర్చోబెట్టి వీపు రుద్దితే మొదట వాంతి చేసుకున్నాడు. తర్వాత అమ్మ మొహం చూశాడు గానీ గుర్తుపట్టలేదు.

ఊళ్లో చిన్న ఆసుపత్రి ఉంది. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం అయిదింటికి చిట్టిగాడు నీళ్లడిగాడు. అప్పుడు బావ ఆక్సిజన్ ముసుగు పక్కకు జరిపి, "ఆ తెల్ల డబ్బాలో బ్యాటరీలు నేనే తీశాను. టార్చిలో వేశాను. కొత్తవి వేద్దామనుకుని మర్చిపోయాను" అన్నాడు. గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆవిడ ముసుగు మళ్లీ అతని మొహానికి సర్దింది. ఆ తర్వాత ఆ మూడేళ్ల కిందటి ఫోన్ సంగతి మొదటిసారి అతనికి చెప్పింది. "ముందే చెప్పి ఉంటే ఆ డబ్బా ముట్టుకునేవాడినా?" అన్నాడతను.

మర్నాడు సామాను కోసం పైకి వెళ్లింది. పైకప్పు నుంచి జారి గొట్టాన్ని మూసేసిన మంచును ముసలావిడ పారతో తీసేసి ఊడ్చి పెట్టింది. కళ్లు వాచి ఉన్నాయి. "ఇరవై ఏళ్లలో ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ఇప్పుడు చూడు, బాగానే ఉంది" అంది. మెట్ల మీద కొత్తగా దిగినవాళ్ల పెట్టెలున్నాయి. భార్యాభర్తలు, చంకలో పాలు తాగే పిల్ల. నిదానమ్మ వాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పింది. భార్య భర్త వైపు చూసింది. "ఇంత దూరం వచ్చాం కదండీ, జాగ్రత్తగా ఉంటాంలెండి" అన్నాడాయన. నిదానమ్మ ఆయన నంబరు తీసుకుంది.

ఆసుపత్రి నుంచి ఇద్దరినీ పంపేశాక, కొండ దిగే బస్సులోంచి ఆయనకు గంటకోసారి ఫోన్ చేసింది. మూడుసార్లు ఆయన విసుక్కుంటూ ఎత్తాడు. నాలుగోసారి ఎత్తలేదు. మళ్లీ చేసింది. బస్సు సొరంగంలోకి దూరి, అవతలికి వచ్చింది. పదకొండు నిమిషాలు గడిచాక ఆయనే చేశాడు. "మీ పుణ్యమా అని మా ఆవిడ ఆ గదిలో కూర్చోనివ్వలేదండీ. కింద వేరే చోట దిగాం. సామాను మోస్తున్నాను, అందుకే ఎత్తలేదు" అన్నాడు.

ముసలావిడ గది గురించి నిదానమ్మ ఆ ఊరి అధికారులకు రెండు ఉత్తరాలు రాసింది. చూస్తామని ఒకదానికి జవాబు వచ్చింది. ఇంట్లో ఇప్పుడు పగలు పిల్లలు పడుకుంటే పేరు పెట్టి పిలిచి, జవాబు విన్నాకే గడప దాటుతుంది. పెద్దది విసుక్కుంటుంది. చిట్టిగాడికి మాత్రం ఆ మధ్యాహ్నం ఏమీ గుర్తులేదు. వాడికి మంచే గుర్తుంది.

"మళ్లీ ఎప్పుడెళ్దామమ్మా?" అని అన్నం తింటూ అడుగుతాడు.

బావ తల ఎత్తడు. ఆవిడ వాడికి ఇంకో ముద్ద కలిపి పెడుతుంది.