చెప్పకపోతే ఏకాంబరం కదలడు

ఏకాంబరానికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరేం పని చెప్పినా, చెప్పినదాన్ని వదిలేసి చెప్పనిదాన్ని పట్టుకుంటాడు. "అది సరేప్పా, ఇది చెప్పలేదే. చెప్పకపోతే ఏం చేయల్ల?" అంటాడు. జవాబు వచ్చేదాకా ఆయన కాలు ముందుకు పడదు.

పెళ్లయిన కొత్తలో ఆయన భార్య నందిని సంచి చేతికిచ్చి టమాటాలు తెమ్మంది.

"ఎన్ని?"

"కిలో."

"కిలో లేకపోతే?"

"ఉన్నన్ని తెండి."

"పండినవా, దోరవా?"

"ఏవో ఒకటి తెండి సామీ!"

"ఏవో ఒకటంటే ఎట్ల నందినీ? రెండూ ఉంటే?"

ఆ పూట వాళ్లింట్లో చారు టమాటా లేకుండానే కాగింది. ఇప్పుడామె సంచితో పాటు చీటీ ఇస్తుంది. చీటీ చివర 'ఇందులో లేనిది కొనవద్దు' అని రాసి కింద సంతకం కూడా పెడుతుంది.

మొన్నొకసారి అలిపిరి దగ్గర ఎవరో యాత్రికుడు కొండకు దారెటని అడిగాడు. నడకా, బస్సా, సామాను ఉందా, మోకాళ్ల నొప్పులున్నాయా, ఉంటే ఒక కాలికా రెండు కాళ్లకా అని ఏకాంబరం మొదలుపెట్టాడు. పాపం, ఆయనది నడక మొక్కు. అయినా కనబడ్డ బస్సెక్కి పారిపోయాడు.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగం లోకంలో ఒకటే ఉంటుంది. అదృష్టం కొద్దీ అది తిరుపతిలోనే దొరికింది. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన 'చెప్పప్పా' అనే లైబ్రరీ రాశాడు. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, ఒకరు రాసిపెడితే మిగతా ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడు. మౌసు లేకుండా, నల్లటి తెర మీద ఒక్క వరుస టైపు చేసి కంప్యూటరుతో పని చేయించుకునేవాళ్లు ఉంటారు కదా, ఆ వరుసలో ఏ మాట ఏమిటో విడదీసి ప్రోగ్రాముకు అందించడం చెప్పప్పా పని. టైపు చేసినవాళ్లు ఏదైనా మరిచిపోతే ఇలాంటి మిగతా లైబ్రరీలు తప్పు తప్పు అని అరుస్తాయి. చెప్పప్పా అరవదు. అచ్చం తనను రాసిన ఏకాంబరంలాగే కూర్చుని, మర్యాదగా, జవాబు వచ్చేదాకా అడుగుతుంది.

ఆయన పక్క కుర్చీలో పనిచేసే ధరణికి మూడేళ్లుగా ఈ ఇద్దరితోనూ తలనొప్పే. ఆయనకు గుడ్ మార్నింగ్ చెప్పాలన్నా ముందుగా జవాబులు సిద్ధం చేసుకోవాలి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి డబ్బాల మీద లేబుళ్లు వేయడానికి చెప్పప్పా కలిపిన వీళ్ల ప్రోగ్రామే వాడేది. సీజన్ ముమ్మరంలో అక్కడినుంచి ఫిర్యాదు వచ్చింది. ఏకాంబరం అప్పుడు రెండు వారాల సెలవులో ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఓనరు మునిప్రసాద్ ధరణిని పిలిచాడు.

"ప్రతి లోడుకూ కాయ ఏ రకం, కాయ ఏ రకం అని అడిగి సంపుతా ఉండాదంట. దాని నోరు మూయించు."

మూయించే మీట చెప్పప్పాలోనే ఉంది. ధరణి దాన్ని నొక్కి, రకం చెప్పకపోతే తోతాపురి అని ఒక వరుస రాసింది. చిత్తూరులో గుజ్జు కాయంటే తోతాపురే. అది మళ్లీ నోరు తెరిచి చెప్పాలా అనుకుని ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకు నీలం రకం కాయల లోడు వచ్చింది. కొత్తగా చేరిన ఆపరేటర్ జెస్సీ రోజూ కొట్టే వరుసే కొట్టింది. పద్దెనిమిది వందల డబ్బాల నీలం గుజ్జు తోతాపురి పేరు పెట్టుకుని వరుసగా నిలబడింది. ఫ్యాక్టరీ మేనేజరు జయరావు జెస్సీని రేపటినుంచి రావద్దన్నాడు. తప్పు ఆపరేటరుదే అని రాసిచ్చి రమ్మని మునిప్రసాద్ ధరణిని పంపాడు. సెలవు ముగించుకొచ్చిన ఏకాంబరం ధరణి రాసిన ఆ వరుస చదివి, తనూ బస్సెక్కాడు. చిత్తూరు దాకా ఒక్క ప్రశ్న అడగలేదు. ధరణికి దాంతోనే చెమటలు పట్టాయి.

ఫ్యాక్టరీలో జెస్సీ ఏడ్చి ఏడ్చి ఒక మూల నిలబడి ఉంది.

"ఈ పిల్లదే తప్పని రాసిచ్చి పొండప్పా," అన్నాడు జయరావు.

"రాస్తా సార్," అన్నాడు ఏకాంబరం. "రకం చెప్పకపోతే తోతాపురి పడతాదని ఈ అమ్మాయికి ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు."

"మిషను అడిగినాదా?"

"మొన్నటిదాకా అడిగి సంపేది. ఇప్పుడు మానేసినాది."

"అడగని దానికి జవాబు చెప్పలేదని ఉద్యోగం తీస్తే ఎట్ల సార్?" ఏకాంబరం గొంతు మొదటిసారి పెరిగింది. "నేను ఇంతింత అడిగేది ఏంటికనుకుంటా ఉండారు? మనం ఖాళీ వదిలేస్తే అది యాడికీ పోదు. కడాకు కీబోర్డు ముందర కూసున్నోళ్ల నెత్తినే పడతాది."

మూడేళ్లుగా తను చాదస్తమని నవ్వుకున్నది, ఆయన మొహం తెలియని మనుషుల కోసం పడ్డ తాపత్రయమని ధరణికి అప్పుడు తెలిసింది.

"మరి తప్పెవురిది?" అన్నాడు జయరావు.

"నాది. దాని నోరు మూసే మీట పెట్టినోణ్ణి నేనే."

"కాదు సార్," అంది ధరణి. "ఆ మీట నొక్కింది నేను. తోతాపురి అని రాసింది కూడా నేనే. ఎవురికీ చెప్పలేదు."

మూలనుంచి జెస్సీ కళ్లు తుడుచుకుంటూ, "నేనూ లేబుల్ ఒకతూరి సూసుకోవాల్సింది సార్," అంది.

జయరావు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఒక్కరిని తీసేయడానికి తయారై వచ్చిన మనిషి, ముగ్గురు క్యూ కట్టేసరికి బిత్తరపోయాడు.

"ఎవురూ యాడికీ పోవద్దు. జెస్సీ, నువ్వు రేపు మామూలుగా డ్యూటీకి రా. ఇప్పుడు ముగ్గురూ కూసోని ఆ లేబుళ్లు మార్చండి."

గోడౌన్‌లో నేలమీద కూర్చుని అంటించడం మొదలుపెట్టారు. ఏకాంబరం మొదటి డబ్బా ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

"పాతది పెరికి అంటించల్లనా, పైననే అంటించల్లనా?"

"పెరికి," అంది జెస్సీ.

"పెరికేటప్పుడు సగం సినిగితే?"

"సినిగింది నాకిచ్చేయన్నా, నేను గీకుతా."

మధ్యాహ్నానికి మూడు వందల డబ్బాలైనా కాలేదు. జయరావు తొంగిచూసి, టీ తెప్పిస్తానని వెళ్లబోయి, వాకిట్లో ఆగిపోయాడు. గడప మీద నిలబడి బుర్ర గోక్కున్నాడు.

"చక్కెర ఎవురికి వేయల్ల, ఎవురికి వద్దు? చెప్పకపోతే..." అని నాలుక కరుచుకున్నాడు.

ఏకాంబరం చేతిలో డబ్బా కింద పెట్టేసి, ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడన్నట్టు లేచి వెళ్లి ఆయన చేయి పట్టుకున్నాడు.