ఉత్త కాళ్ల జట్టు

మా బాపుకు ఒక పిచ్చి ఉంది. సుల్తానాబాద్ దగ్గర మా ఊళ్లో ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చాయ్ తాగుతూ వడ్ల ధర గురించో దుబాయ్ వీసా గురించో మాట్లాడుకుంటుంటే, ఆయన మాత్రం దేశపు ఫుట్‌బాల్ జట్టును పట్టుకొస్తాడు. బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఒలింపిక్స్‌లో ఆడారని, తర్వాత ఒకసారి అక్కడే నాలుగో స్థానం దాకా వెళ్లారని, ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారం తెచ్చారని చెబుతాడు. అసలు మాట చివర్లో వస్తుంది.

"గా టీముల సగం మంది మన హైదరాబాదోళ్లే. నేర్పిన మాస్టరు గూడ మనోడే."

"ఇగ మొదలువెట్టిండు" అని జనం గ్లాసులు కింద పెట్టి లేచేవాళ్లు. కరీంనగర్ మిషన్ హాస్టల్లో చదివేటప్పుడు బాపు కూడా బంతి తన్నినవాడే. వార్డెన్ వెంట హైదరాబాద్ వెళ్లి ఆ ఆటగాళ్లను కళ్లారా చూసినవాడు. అయినా ఊరికి అవన్నీ కోతల్లాగే వినిపించేవి. నాకు ఒళ్లు మండేది. మా బాపు అబద్ధమాడే మనిషి కాదు.

నేను ఏసీ పని మీద దోహా వెళ్లాక, క్యాంపులో నా గదిలో ఒక కేరళ అన్న ఉండేవాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మంచం పక్క గోడకు మన కెప్టెన్ ఫోటో అంటించుకున్నాడు. బాపు మాట చెబితే పకపకా నవ్వాడు. ఫుట్‌బాల్ అంటే బెంగాల్, గోవా, కేరళ. మీ తెలుగోళ్లకు సినిమాలు, క్రికెట్ చాలు అన్నాడు హిందీలో. నన్నంటే పడేవాణ్ని. కంచం అక్కడే పెట్టి లేచిపోయాను. తర్వాత ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడే మన జట్టు దోహాకు వచ్చింది. ఎదుట ఆసియా చాంపియన్లు, పైగా వాళ్ల సొంత మైదానం. మన గోల్స్ చాలామటుకు కొట్టే కెప్టెన్ జ్వరంతో ఆడలేదు. కేరళ అన్న మొహం వేలాడేసుకున్నా నాకూ టికెట్ తెచ్చాడు. నేను జమ్మికుంట, ధర్మపురి వైపు వాళ్లను పోగేశాను.

మావాళ్లు ఎరిగిన ఆట కబడ్డీ. బంతి ఎవరి కాళ్ల దగ్గరున్నా సరే, కూతకొచ్చినవాణ్ని పట్టమన్నట్టు "పట్టు! పట్టు!" అని అరవసాగారు. కాళ్లతో ఆడే ఆటలో పట్టడమేమిటని కేరళ అన్న నెత్తి కొట్టుకున్నాడు. కానీ ఆ రోజు ఆటంతా మన గోల్‌కీపర్ చేతుల మీదే నడిచింది. వాళ్లు కొడుతూనే ఉన్నారు, ఆయన ఆపుతూనే ఉన్నాడు. కుడికి దూకాడు, ఎడమకు దూకాడు, నేల మీద పొర్లాడు. కాసేపటికి కేరళవాళ్లు, బెంగాల్‌వాళ్లు కూడా మాతో కలిసి "పట్టు! పట్టు!" అంటున్నారు. మావాళ్లు కుర్చీల మీద డప్పు దరువేస్తున్నారు. చివరికి సున్నాకు సున్నా. గెలవని ఆటకు అంతమంది సంతోషంతో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఏడ్చాను.

బస్సులో కేరళ అన్న వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. మలయాళం నాకు రాదు గానీ, అవతల ముసలాయన గొంతులో 'హైదరాబాద్' అన్న మాట మళ్లీ మళ్లీ వినిపించింది. అన్న చాలాసేపు ఊకొట్టి ఫోన్ పెట్టేశాడు. మీ బాపు చెప్పిందంతా నిజమేనట, మా నాన్న చెబుతున్నాడు అన్నాడు. తర్వాత మా బాపుకు వీడియో కాల్ కలపమన్నాడు.

"బాపు, మా కేరళ అన్న నీతోని మాట్లాడ్తడట. ఉత్త కాళ్లోళ్ల ముచ్చట మొదటిసంది చెప్పుమంటుండు."

ఇన్నేళ్లలో ఆపమన్నవాళ్లే తప్ప చెప్పమని ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

"నిజంగనే అడుగుతుండా బిడ్డా?" అన్నాడు బాపు. "జర ఆగుమను. అంగి తొడుక్కొని వస్త."