మా మామ దిగని రేవులు

మామ పోయిన సంగతి పొద్దున ఏడింటికి ఫోన్లో తెలిసింది. చెప్పినవాడు మా అత్తమ్మ చెల్లెలి భర్త, కరీంనగర్‌లో ప్లాట్లు అమ్మే పెద్దమనిషి. "గుండెనొప్పి లేసింది, దవాఖానకు తీస్కపోయేలోపట్నే పాయె" అన్నాడు. ఊపిరి కూడా పీల్చుకోకుండా, "మంచి ఫొటో ఒకటి పంపు, ఫ్లెక్సీ కొట్టియ్యాలె. ఎనుక షిప్పు కనవడాలె" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు చిరాకొచ్చింది. ఆ చిరాకు ఇప్పటికీ పోలేదు కాబట్టి ఈ నాలుగు మాటల్లో మర్యాద తక్కువైతే చదివేవాళ్లు మన్నించాలి.

మామ అంటే మా అవ్వకు సొంత తమ్ముడు. మందమర్రిలో గని కార్మికుడి కొడుకు. తండ్రి కొలువు తనకు రాకపోతే దుబాయి పోయి లాండ్రీలో చేరాడు. అక్కడి నుంచి ప్రపంచమంతా చుట్టివచ్చే ఓడ ఒకటి ఎక్కి, పద్దెనిమిదేళ్లు దాని అడుగు అంతస్తులో బట్టలు ఉతికాడు, ఇస్త్రీ చేశాడు. మా చుట్టాలు మాత్రం "షిప్పుల మేనేజర్" అని చెప్పుకునేవారు. ఉతికిన అంగీ తొడుక్కోవడానికి లేని నామోషీ, ఉతికినవాణ్ణి మనవాడని చెప్పుకోవడానికి ఎందుకొస్తుందో నాకు ఈ వయసుకూ అర్థం కాలేదు.

మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ లేచింది. పైన "ప్రపంచ యాత్రికుడు" అని పసుపుపచ్చ అక్షరాలు. మామ ఒక పక్కన, ఆయనకన్నా పెద్దగా కరీంనగర్ పెద్దమనిషి ఇంకో పక్కన చేతులు జోడించి ఉన్నాడు. వెనక ఓడ, దాని పక్కనే ఈఫిల్ టవర్. ఆ టవర్ ఉన్న ఊరికి సముద్రం లేదు, ఓడ అక్కడికి ఎట్లా పోయిందో కొట్టించినవాడికే తెలియాలి. నేను లక్సెట్టిపేట బడిలో సోషల్ చెబుతాను, ఇలాంటివి చూస్తే నా చేయి ఎర్రపెన్ను కోసం వెతుక్కుంటుంది.

సెలవుకు వచ్చినప్పుడు మామ ఊరికే కూచునేవాడు కాదు. తువ్వాల, పేపరు, మిఠాయి కట్టితెచ్చిన కవరు, ఏది దొరికినా అంచుకు అంచు కలిపి మడత పెట్టేవాడు. మడతపెడుతూనే రేవుల ముచ్చట చెప్పేవాడు. "ఆ ఊర్ల అంత ఎర్రమన్నే, అల్లుడా. ప్యాంట్లు మోకాళ్లదాక ఎర్రగైతయి." "గా దీవిల ఇసుక నల్లగుంటది. ఎన్నిసార్లు జాడిచ్చినా జేబులకెళ్లి పోదు." "ఈడ ద్రాక్షసార అగ్గువ, తెల్లంగీలన్ని ఖరాబు." నేను ఇవన్నీ బుర్రకెక్కించుకుని, మరునాడు మ్యాపు మీద పుల్ల పెట్టి పిల్లలకు చెప్పేవాణ్ణి. అన్నీ మరకలేనని ఒక్కసారి కూడా గమనించని తెలివి నాది.

ఓడ దిగి ఊరు చూసివచ్చే జనాన్ని మామ తీసిపారేసేవాడు. "పొద్దుగాల ఎనిమిదింటికి దిగుతరు. తప్పిపోకుండ ఛాతిమీద నంబరు అంటిస్తరు. ముందట ఒకామె జెండ వట్టుకోని నడుస్తది, ఎనుక మేకల లెక్క వీళ్లు. గుడిముందట ఇరువై నిమిషాలు, దుకాణంల గంటన్నర. మూడింటికి మల్ల ఎక్కి, ఇయ్యాల మనం చూసింది ఏ ఊరని ఒకర్నొకరు అడుగుతరు." ఇది చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదు. "చూసినోనికి కొంచెమన్న కడుపుల తిప్పాలె, అల్లుడా. లేకుంటే చూసినట్టు గాదు" అనేవాడు.

కరీంనగర్ పెద్దమనిషి కూడా ఒకసారి పోయొచ్చాడు, సింగపూర్ నుంచి నాలుగు రోజుల ఓడ. వచ్చాక మందమర్రి వచ్చి రెండు గంటలు ఫోన్లో ఫొటోలు చూపించాడు. అందులో ఊళ్లు మూడో నాలుగో, మిగతావన్నీ తిండిపళ్లాలు. మామ ఓపికగా చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. "మంచంమీద తెల్లతువ్వాలతోని హంస జేసి పెట్టిండ్రా?"

"అగో, పెట్టిండ్రన్నా. మస్తుండె. గిదిగో ఫొటో."

"మంచిది" అని మామ లేచి వాకిట్లోకి పోయాడు. అలాంటి తువ్వాలలు ఉతికే మనిషే అడిగాడని ఆ పెద్దమనిషికి తట్టలేదు, ఐస్‌క్రీం ఫొటో వెతుక్కుంటున్నాడు.

రేవుల ముచ్చట మొదలైతే అత్తమ్మ వంటింట్లోకి పోయేది. "నేను గీ కాలనీల నల్లకాడ నీళ్లకు కొట్లాడుకుంట సచ్చిన. ఆయన దేశాలు తిరిగిండు" అని మా అవ్వతో అనేది. మామ ఉద్యోగం చాలించి వచ్చాక నాలుగేళ్లు బతికాడు. అత్తమ్మ వేళకు అన్నం పెట్టింది, గోలీలు ఇచ్చింది, ఓడ గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఆ కోపం తప్పని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను, ఎందుకంటే మామ నాతో ఒట్టు వేయించుకున్నాడు.

అది బొంబాయిలో జరిగింది. ఓడ అక్కడ ఒకరోజు ఆగుతుందని తెలిసి, చెప్పాపెట్టకుండా రైలెక్కి పోయాను. రేవు గేటు నుంచి బస్సులు వరసగా బయటికొస్తున్నాయి, ఛాతీల మీద నంబర్లు, మెడల్లో కెమెరాలు. ఒక బస్సు అద్దానికి ధోబీఘాట్ అని రాసి ఉంది. లోకం చుట్టివచ్చిన దొరలూ దొరసానులూ వంతెన మీద నిలబడి, మనుషులు బట్టలు ఉతకడం ఫొటోలు తీసుకోవడానికి పోతున్నారు. వాళ్ల బట్టలు ఉతికే మనిషి అదే ఓడ అడుగున ఉన్నాడు. ఆయన్ని చూడ్డానికి టికెట్టు పెట్టలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

ఫోన్ చేస్తే మామ వచ్చాడు. వచ్చి గేటుకు అవతలే ఆగాడు. బయటికి రా, చాయ్ తాగుదామన్నాను. "వద్దు అల్లుడా, ఈడనే మాట్లాడుదం" అన్నాడు. బయటికి పోయే పాసు అంగీ జేబులోంచి కనబడుతూనే ఉంది. కావలివాడు కూడా "పాస్ హై నా భాయ్, జావ్" అన్నాడు. మామ గేటు దాటలేదు. నేను గట్టిగా అడిగితే చెప్పాడు.

"కొలువుల చేరినంక మొదటిసారి ఈడ్నే దిగిన. అందరు ఊరు సూడవోయిండ్రు, నేను టేషన్‌కు వోయిన. మనదిక్కు పోయే రైలు నిలవడి ఉన్నది. ఎక్కి కూసున్న. ఇంకేం సోచాయించలే, మీ అత్తమ్మే యాదికొచ్చింది. బండి కదిలినంక దుంకిన. జరంతల ఓడ తప్పిపోతుండె. గప్పటిసంది కంపెనీ సెలవిచ్చి ఇంటికి పంపితే తప్ప ఏ ఊర్ల దిగలే. దిగితే మల్ల ఎక్కుతనని నామీద నాకే నమ్మకం లేదు."

"మరి నల్ల ఇసుక?"

"జేబులల్ల వస్తది గద."

అత్తమ్మకు చెబుతానన్నాను. "చెప్పకు. కోపమొస్తే నన్ను తిట్టి, వండుకోని తింటది. గిది తెలిస్తే తిండి బంద్ చేస్తది. ఒట్టెయ్యి" అన్నాడు. గేటు కమ్మీల మధ్య నుంచి చేయి చాపాను. పది నిమిషాలకు లోపలికి పోయాడు, జనం ఊరికి పోయిన రోజే దుప్పట్లన్నీ మార్చాలట.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, అందరూ దూరం జరగాలి. కాకి ముడితే తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందని, ఒక్కొక్కరే ముందుకొచ్చి తీరుస్తామని మాట ఇవ్వాలి. కరీంనగర్ పెద్దమనిషి ఆకు నిండా చీజు ముక్కలు, సీసాలో నానిన ఏవో పచ్చికాయలు, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్లు పేర్చాడు. మామ ప్రాణం పెట్టే సర్వపిండి, మటను కూర ఒక మూలకు పోయాయి. కాకులు తుమ్మచెట్టు మీదే కూచున్నాయి. వాటి తెలివి మెచ్చుకున్నాను.

ఎండ ముదిరింది. మామ బిడ్డ, "బాపూ, అవ్వను నేను సూసుకుంట" అంది. కాకి రాలేదు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, "అన్నా, నువ్వు సూడని దేశమేదన్న ఉంటే ఫికర్ వెట్టుకోకు, నీ ఫొటో వట్టుకోని నేను పోయొస్త" అన్నాడు.

"ఇంకేం దేశం మిగిలింది?" అంది అత్తమ్మ. "అన్ని సూసిండు. నన్నొక్కదాన్నే సూడలే."

ఇక నావల్ల కాలేదు. అందరి ముందే ఒట్టు తప్పాను. గేటు, పాసు, రైలు, పద్దెనిమిదేళ్లు ఏ రేవులోనూ ఊరు చూడ్డానికి దిగకపోవడం, అంతా చెప్పేశాను. పెద్దమనిషి "మరి ఫ్లెక్సీ ఎట్ల" అని గొణిగాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

"రైలెక్కిండా?" అంది అత్తమ్మ.

"ఎక్కిండు అత్తమ్మా. కూసున్నడు."

"మల్ల దిగుడెందుకు?"

అత్తమ్మ నడుచుకుంటూ ఆకు దగ్గరికి పోయింది. మనిషి దగ్గరుంటే కాకి రాదు, ఇటు జరుగమని ఆడవాళ్లు పిలిచారు. ఆమె వినలేదు. నేల మీద చతికిలబడి, తుమ్మచెట్టు వైపు చూసి, ఇంట్లో మనిషితో అన్నట్టే నెమ్మదిగా అంది. "ఇగ రా. మల్ల ఎక్కుమని ఎవ్వలనరు."

చివరికి ఒక కాకి కొమ్మ విడిచి, ఆమెకు మూరెడు దూరంలో వాలి నిలబడింది. అత్తమ్మ కదలకుండా, దాన్నే చూస్తూ ఉంది.