చెప్పు తొడుక్కున్న తుపాకీ

బెంజ్ సర్కిల్ దగ్గర ఆ నగల కొట్టుకి వచ్చేవాళ్లు ముందు తుపాకీని చూస్తారు, తర్వాత నగల్ని చూస్తారు. తుపాకీ పట్టుకున్న మనిషిని మాత్రం ఎవరూ చూడరు. ఆ మనిషి కరిముల్లా. వయసు నలభై ఏడు. పామర్రులో రైసు మిల్లుకి కాపలా కాసిన తండ్రి మహమ్మద్ పోయాక, ఆయన రెండు గొట్టాల తుపాకీని లైసెన్సుతో సహా తన పేరుకి మార్పించుకుని సెక్యూరిటీ ఏజెన్సీలో చేరాడు. పదకొండేళ్లుగా అదే గుమ్మం. ఒక్క తూటా పేల్చింది లేదు. పేల్చడం వచ్చా అని అడిగినవాళ్లూ లేరు.

కొట్లో నేలంతా తెల్ల పాలరాయి. తుపాకీ బట్టు, అంటే భుజానికి ఆనించే కర్ర చివర, ఆనించిన చోట గీతలు పడుతున్నాయని మేనేజరు కిరీటి మొదటి నెలలోనే కేకలేశాడు. ఫ్లైఓవరు కింద చెప్పులు కుట్టే తెరేసమ్మ బట్టు అడుగున రబ్బరు సోలు అతికించి ఇచ్చింది. అది అరిగినప్పుడల్లా దానిమీదే ఇంకోటి అతికించేది. అలా రెండంగుళాల మందమైంది. అది తుపాకీకి ఒక వసతనే అనుకున్నాడు కరిముల్లా.

ఈ వేసవిలో ఏజెన్సీ కొత్త రూలు తెచ్చింది. తుపాకీ ఉన్న గార్డులంతా కాల్చి చూపించాలి. రెండు అవకాశాలిస్తారు. రెండూ తప్పితే తుపాకీ డ్యూటీ పోతుంది, పార్కింగులో ఈల ఊదుకోవాలి. తనుండే భవానీపురంలో తుపాకీ కరిముల్లా అంటే తెలియనివాళ్లు లేరు. ఈల కరిముల్లా అనిపించుకుని ఆ వీధిలోకి ఎలా వెళ్లడం?

ఊరి బయట రేంజిలో పాతిక గజాల దూరాన అట్ట నిలబెట్టారు. అట్ట మీద పళ్లెమంత నల్లటి వలయం. తుపాకీ గొట్టం కొసన ఇత్తడి పూస ఒకటుంది. ఆ పూసని సరిగ్గా వలయం నడుమ పెట్టాడు కరిముల్లా. ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి నొక్కాడు. తూటాలోని గుళ్లు చాలావరకు పైనుంచి పోయి, అట్ట పైఅంచున మూడు చిల్లులు పడ్డాయి. వలయంలో ఒక్కటీ లేదు.

"పూస అక్కడే పెట్టానండీ. అమ్మతోడు, నడిమధ్యే పెట్టాను."

పరీక్ష పెడుతున్న బసవయ్యగారు పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వలేదు. "రెండోది భోజనాలయ్యాక కాలుద్దువుగాని, తినేసి ఇటు రా" అన్నాడు.

భోజనాల దగ్గర కరిముల్లా లెక్కలేస్తూనే ఉన్నాడు. పూస ఉన్నచోటికి గుళ్లు పోకపోతే మరి పూస దేనికి? ఈసారి కింద పెట్టి కాల్చాలా? ఎంత కింద? తోటి గార్డు ఒకడు రెండు కళ్లూ తెరవమన్నాడు, ఇంకొకడు తుపాకీని గట్టిగా నొక్కిపట్టమన్నాడు. వినేకొద్దీ బుర్ర ఇంకా తిరిగిపోయింది.

బసవయ్యగారు గొట్టాలు మడత తెరిచి, లోపల తూటాల్లేవని చూసుకుని, ఖాళీ తుపాకీ అతని చేతికిచ్చాడు. "కళ్లు మూసుకుని భుజానికి ఎత్తు. ఆఁ. ఇప్పుడు తెరువు. ఏం కనపడుతోంది?"

"గొట్టం మొత్తం కనపడుతోందండీ, రోడ్డులాగా. ఆ చివరన పూస."

"అదేనయ్యా రోగం! దీనికి ముందు గుర్తు పూస. మరి వెనక గుర్తేదీ?"

కరిముల్లా తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేదండీ."

"ఉంది. నీ కన్నే. చెంప ప్రతిసారీ బట్టు కర్రమీద ఒకేచోట ఆనితేనే ఆ గుర్తు కదలకుండా ఉంటుంది. నువ్వు చెంప ఆనించట్లేదు. ఇక్కడ వేలెడు లేస్తే అక్కడ మూరెడు పైకి పోతుంది."

"ఆనించబోతే మెడ పట్టేస్తోందండీ."

బసవయ్యగారు బట్టుని అతని మోచేతి వంపులో పెట్టి, చూపుడువేలు చాపమన్నాడు. వేలు మీటకి అందలేదు. ఆయన తుపాకీని తిరగేసి చూశాడు.

"ఇదేంటయ్యా? తుపాకీకి చెప్పు తొడిగావేంటి?"

చుట్టూ ఉన్న గార్డులు పగలబడి నవ్వారు. పాలరాయి సంగతి చెప్పాడు కరిముల్లా. ఆ చెప్పడంలో తనకే సిగ్గేసింది.

"చొక్కా పొడుగైతే మడత పెట్టుకుంటావు. తుపాకీ పొడుగైతే గుళ్లు ఆకాశంలోకి పోతాయి" అంటూ బసవయ్యగారు చాకు తీశాడు. పొర వెంట పొర రబ్బరు ఊడింది. ఈసారి వేలు మీటకి అందింది, చెంప కర్రమీద కుదురుగా కూర్చుంది. తూటా వేసి గురిపెడితే గొట్టం కనపడలేదు, ఒక్క పూసే కనపడింది. నొక్కాడు. అట్ట దగ్గరికెళ్లి చూస్తే వలయం జల్లెడలా ఉంది.

"పాస్!" అన్నాడు బసవయ్యగారు.

కరిముల్లాకి సంతోషం రావాల్సిందే. కానీ బస్సులో కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. ఈ పదకొండేళ్లలో ఏ దొంగైనా వచ్చుంటే తను కొట్టి ఉండేది సీలింగు లైట్లనే కదా. మరి ఆ గుమ్మంలో ఇన్నాళ్లూ నిలబడిందెవరు, గార్డా, బొమ్మా?

మర్నాడు తుపాకీని చేతుల్లోనే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. గంట తిరక్కుండా కిరీటి వచ్చాడు.

"ఏంటి బాబాయ్, యుద్ధానికెళ్తున్నావా? ఆడవాళ్లు భయపడి అటునించి అటే వెళ్లిపోతున్నారు. కింద పెట్టు."

"పెడితే గీతలు పడతాయి బాబూ."

"రబ్బరేది?"

"అదుంటే గురి కుదరదు."

"నీ గురి ఎవరిక్కావాలి బాబాయ్? రేప్పొద్దునకల్లా రబ్బరు ఉండాలి" అని కిరీటి లోపలికెళ్లిపోయాడు.

కాలిస్తేనే ఉద్యోగమని ఏజెన్సీ. కాల్చలేకుండా ఉంటేనే ఉద్యోగమని కొట్టు. రెండిటికీ తలూపింది తన ఒక్క మెడే.

డ్యూటీ దిగి తెరేసమ్మ దగ్గర కూర్చున్నాడు. అంతా విని ఆమె లారీ ట్యూబు ముక్క తీసింది. "ఈసారి అతికించనులే, అన్నా. తొడుగులా కుట్టి ఇస్తా. కాల్చాల్సొస్తే లాగేసుకో" అంది. అరగంటలో కుట్టి బట్టుకి ఎక్కించింది. బిగుతుగా పట్టింది.

"మరి దొంగొస్తే?" అంది తనే.

కరిముల్లా తొడుగు లాగి చూశాడు. ఒంటిచేత్తో రాలేదు. తుపాకీని మోకాళ్ల మధ్య ఇరికించి రెండు చేతులా గుంజితే వచ్చింది.

"వాణ్ణి కాస్త ఆగమనాలి" అన్నాడు.

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. మళ్లీ ఎక్కించి, మళ్లీ గుంజాడు. ఈసారి ఇంకాస్త తొందరగా వచ్చినట్టనిపించింది. అవునో కాదో తేలక మళ్లీ ఎక్కించాడు.