పొంగిన చేయి

మా తోడికోడలంటే నాకు మొదట్నించీ కుళ్లే. దాచుకోను. మా ఆయన అన్నగారి భార్య, అత్తకి తలలో నాలుక. అయినా ఆ ఏడు పడ్డ కుళ్లు వేరు. అప్పుడామె చంకలో ఉన్నది నా కొడుకు.

చోడవరం పక్కన మా ఊరికి క్షయ టీకాల వాళ్లు వచ్చారు. ముందు అందరి చేతికీ చిన్న సూది గుచ్చి వెళ్లారు. మూడోనాడు మళ్లీ వచ్చి, గుచ్చినచోట పొంగిందో లేదో చూసి, పొంగనివాళ్లకే టీకా వేస్తారట. బడి ముందు ఊరంతా వరసకట్టాం. చూసేవాడు నా చెయ్యి ఎత్తిపట్టి, సంతలో పశువుల పళ్లు చూసినట్టు చూసి, "పొంగింది, పక్కన నిలబడమ్మా" అని అరిచాడు. ఆ ముక్క పక్కకి పిలిచి చెబితే వాడి సొమ్మేం పోయింది? పొంగినంత మాత్రాన జబ్బున్నట్టు కాదని తర్వాత చెప్పాడు. అది వినడానికి మా అత్త అక్కడ లేదు. అప్పటికే ఇంటికెళ్లి నా గ్లాసు వేరుపెట్టింది. ఏడాది నిండని నా కొడుకుని ఉయ్యాల్లోంచి తీసి తన పక్కలో వేసుకుంది.

మా తోడికోడలు ఆ రోజు బడికి రాలేదు. బయట చేరానని పశువుల పాక పక్కన చాప వేసుకుని కూర్చుంది. ముట్టయిన మనిషిని నలుగురిలోకి పంపరు కదా. స్నానం చేసి లోపలికి వచ్చాక పిల్లాణ్ణి ఆమెకిచ్చారు. గానుగ దగ్గర బెల్లం పాకం చిందిందని మోచేతి కింద గుడ్డ కట్టుకుని, ఆ చేత్తోనే వాడికి అన్నం పెట్టేది. నాకేమో పాలు కారి రవికె తడిసిపోయేది. వాడు ఆమెను చూసి నవ్వుతుంటే నా కడుపు రగిలిపోయేది.

ఒకరోజు నూతి దగ్గర చేద లాగుతుంటే ఆమె గుడ్డ తడిసి జారింది. కాలిన గాయం లేదు. నాకున్నలాంటి గుండ్రటి మచ్చే, నాదానికన్నా పెద్దది.

అత్తని పిలవడానికి నోరు తెరిచాను. ఒక్క కేక చాలు, ఆమె గ్లాసూ నా గ్లాసు పక్కకి చేరుతుంది. ఆమె గుడ్డ పైకి లాక్కుని మెల్లిగా అంది.

"సెప్పెయ్యి సెల్లీ. అప్పుడు గుంటణ్ణి మనిద్దరికీ ఇవ్వరు."

నిజమే. అందుకే ఇంకా మండింది. ఆమె చెయ్యి సంగతి ఆమెకీ నాకూ తెలుసు. నా చెయ్యి సంగతి రావికమతం దాకా తెలుసు.

"సెప్పను. ఆడు నా దగ్గరికి రావాల. ఎలాగో నువ్వే సూడు," అన్నాను.

గుంటడు తల్లి కోసం బెంగెట్టుకున్నాడని, తిండి ముట్టడం లేదని, ఏదైనా అయితే తన మీదకొస్తుందని ఆ సాయంత్రమే అత్తకి చెప్పింది. నేను ఎన్ని రోజులు ఏడ్చినా వినని అత్త, ఆమె ఒక్కసారి చెబితే విన్నది. మచ్చ పోయేదాకా ఆమె గుడ్డ విప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

పిల్లాణ్ణి నా ఒళ్లో పెట్టేసరికి వాడి ఒంటి నిండా ఆమె రాసే ఆముదం వాసన. ముద్దయినా పెట్టుకోలేదు. ముందు నీళ్లు కాచి, సున్నిపిండి పెట్టి, ఆ వాసన పోయేదాకా రుద్ది రుద్ది స్నానం చేయించాను.