బావగారూ, కాస్త ఆగుతారా

ఆ ఆటలో మాట పొట్టిగా ఉండాలి. "ఎడమ ఇద్దరు" అంటే సరిపోతుంది. "ఎడమవైపు ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నట్టున్నారండి" అనేలోపు ఆ ఇద్దరూ నిన్ను కాల్చేసి పక్క సందులోకి వెళ్ళిపోతారు. ఈ సంగతి లోకంలో ఎవరికైనా చెప్పొచ్చు గానీ గోదావరి జిల్లావాడికి చెప్పి ఒప్పించడం కష్టం. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి మజ్జిగ కావాలా అని అడగడానికే మాకు మూడు వాక్యాలు పడుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాజమండ్రిలో మా కాలేజీ దగ్గర ఒక మేడ మీద నెట్ సెంటరు ఉండేది. బయట బోర్డు మీద బ్రౌజింగ్, ప్రింటవుట్లు, పరీక్షల రిజల్ట్స్ అని రాసుండేది. లోపల పొద్దస్తమానం తుపాకుల మోత. కంప్యూటర్ల మీద అయిదుగురికి అయిదుగురు ఆడే ఆట. ఒక జట్టు బాంబు తెచ్చి పెట్టాలి, రెండో జట్టు ఆపాలి. చచ్చినవాడు ఆ రౌండు అయ్యేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. పదహారు రౌండ్లు ముందు ఎవరు గెలిస్తే ఆట వాళ్ళది.

మా జట్టుకి ఎవడు ఎటు వెళ్ళాలో చెప్పేవాణ్ణి నేను. నా గురి గొప్పదేం కాదు. ఎదుటివాడు ఎక్కడున్నాడో, ఇంకో పది సెకన్లకి ఎక్కడుంటాడో మాత్రం నా బుర్రకి అందేది. డిగ్రీలో రెండు పేపర్లు పోగొట్టుకున్నదీ ఆ బుర్రే, అది వేరే సంగతి. చచ్చినవాడు నోరెత్తకూడదని, పోయిన రౌండు గురించి ఆట అయ్యేదాకా ఒక్క ముక్క మాట్లాడకూడదని నేనే రూలు పెట్టాను. రెండోది మావాళ్ళకి ప్రాణం మీదికొచ్చింది. పెళ్ళిలో పప్పులో ఉప్పు తగ్గిందంటే ఆ పెళ్ళికూతురికి పిల్లలు పుట్టేదాకా చెప్పుకునే జాతి మాది.

జట్టులో ఒకడిది ఆత్రేయపురం. ఇంట్లో పూతరేకులు చేస్తారు. చిన్నప్పటినుంచీ వాళ్ళమ్మ పక్కన కూర్చుని, చిరగకుండా రేకు మడత పెట్టిన చేతులు వాడివి. దూరం నుంచి గురి చూసి కొట్టాలంటే వాడే. ఇంకొకడు కాకినాడ అవతల సముద్రం ఒడ్డు వాడు, చేపలవాళ్ళబ్బాయి. పడవ మీంచి పడవకి కేకేసి పెరిగిన గొంతు. ఏం చెప్పినా "ఆయ్" అనేసి చేసుకుపోతాడు. మూడోవాడు మాట్లాడడు. వాడంటే నాకు ప్రాణం. నాలుగోవాడు ఉద్యోగం వచ్చి మమ్మల్ని నట్టేట్లో వదిలి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చి కూర్చున్నది మా బావగారు.

అక్క పెళ్ళయి అప్పటికి ఏడాది. బావగారికి రాజమండ్రి ఆఫీసుకే ట్రాన్స్‌ఫరవడంతో మా ఇంటికి రెండు వీధుల అవతల కాపురం పెట్టారు. ఒకరోజు నన్ను భోజనానికి పిలుచుకొస్తానని, అమ్మ వద్దంటున్నా వినకుండా నెట్ సెంటరుకి వచ్చారు. "ఇది మా హాస్టల్లో ఆడేవాళ్ళమయ్యా" అని ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. పావుగంటలో ఏడుగుర్ని లేపేశారు. భోజనం చల్లారిపోయింది, మాకు అయిదోవాడు దొరికాడు.

దొరికాడు అనకూడదు. దొరికారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అల్లుడికి మా ఇళ్ళల్లో ఉండే మర్యాద వేరే చెప్పక్కర్లేదు. ఆయన కూర్చోందే ఎవరూ కూర్చోరు. గుమ్మం దగ్గర ఆయన ఉంటే ముందు ఆయన నడవాలి, తర్వాతే మిగతావాళ్ళం. నేను చేసుకున్న ఏర్పాటు ప్రకారం బావగారు వెనక ఉండి గుమ్మం కాయాలి, ఎందుకంటే దగ్గర్నుంచి కొట్టడంలో గురి ఆయనది. ముందు వెళ్ళి చావడానికి నేనున్నాను, నాకది అలవాటే. ప్రాక్టీసు మొదటిరోజు అయిదుగురం ఒక ఇరుకు గుమ్మం దగ్గరికి చేరాం. మావాళ్ళు ముగ్గురూ ఠక్కున పక్కకి తప్పుకుని ఆయనకి దారిచ్చారు. ఆత్రేయపురంవాడైతే "మీరు నడవండి" అన్నాడు. "అబ్బే, మీరు పదండి" అన్నారు బావగారు. "పరవాలేదు, మీరే" అన్నాడు చేపలవాళ్ళబ్బాయి. ఈ పెళ్ళివారి వరస నడుస్తుండగా అవతలివాడు ఒక్క గ్రెనేడు విసిరాడు. అయిదుగురం ఒకేసారి పోయాం. అయిదుగురూ ఒక్క గ్రెనేడుకి పోవడం ఆ నెట్ సెంటరులో అంతకుముందు ఎవరూ చూడలేదట. ఓనరు లేచొచ్చి మరీ చూశాడు.

నేను కోపిష్టివాణ్ణి, దాచుకోవడం ఎందుకు. తక్కిన ముగ్గుర్నీ "ఒరే దున్నపోతా, ఆగు" అనేవాణ్ణి, వాళ్ళు ఆగేవాళ్ళు. బావగారి దగ్గరికొచ్చేసరికి నోరు దానంతటదే వంగిపోయేది. "బావగారూ, మీకు అభ్యంతరం లేకపోతే కాస్త ఆగుతారా" అనేవాణ్ణి. అభ్యంతరం లేకపోతే అనేసరికే ఆయన పోయేవారు. పోయి ఊరుకుంటారా, చచ్చినవాడు నోరెత్తకూడదన్న రూలు మరిచిపోయి, "ఏమీ అనుకోకండి, నేను పోయానండి. గోడ వెనక ఒకాయన ఉన్నారు, చూసుకోండి" అని అందరికీ వినయంగా చెప్పేవారు. మమ్మల్ని చంపేవాణ్ణి కూడా "ఒకాయన" అనే మనిషి.

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. పెద్దవాళ్ళ ముందు పూర్తిగా చెప్పేది కాదు.

అలా ఉండగా కాకినాడలో పోటీ ఉందని తెలిసింది. మా ఇంట్లో నా ఆట మీద అప్పటికే పంచాయితీ నడుస్తోంది, అక్కకీ బావగారికీ కూడా తెలిసిందే. నాన్నకి ఎరువుల కొట్టు. తునిలో మా పెదనాన్నకి మామిడికాయల మండీ. రెండు పేపర్లు తప్పినవాడికి తుని మండీయే గతి అని నాన్న తేల్చేశారు. అమ్మ అడ్డం పడి నెలరోజులు గడువు సంపాదించింది. ఆ నెలలోనే కాకినాడ.

"గెలిచిరా" అన్నారు నాన్న. "గెలిస్తే ఆ పేపర్లు రాసుకుంటూ, ఆడుకుంటూ ఇక్కడే ఏడు. ఓడిపోతే సోమవారం పొద్దున్న తుని బండెక్కాలి." నేను తలూపి బయటికి వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచారు. "ఇంకో మాట. అల్లుడుగారు నీతో వస్తున్నారు. ఆటలో నీకు ఒళ్ళు తెలీదని విన్నాను. ఆయన్ని ఒక్క మాట తూలావని నాకు తెలిసిందంటే గెలిచొచ్చినా తునే."

అడకత్తెరలో పోకచెక్కంటే నేనే. తిట్టకపోతే ఓడిపోతాం, తిడితే మండీ. మండీ అంటే నాకు చిన్నచూపేం లేదు. కానీ నేను చెబితే నలుగురు విని నడిచిన చోటు ఈ భూమ్మీద ఆ మేడ ఒక్కటే. అది పోతుందంటే భయమేసింది.

కాకినాడలో పోటీ ఒక కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికొడుకు కూర్చునే స్టేజీ మీద కంప్యూటర్లు. మొదటి ఆట గెలిచాం, ఎలా గెలిచామో ఇప్పటికీ తెలీదు. రెండోది ఆ ఊరి ఇంజనీరింగ్ కుర్రాళ్ళతో. వాళ్ళు ఆడుతుంటే వినాలి. "ఎడమ. వెనక. ఆగు. కొట్టు." అంతకుమించి మాట లేదు. టెలిగ్రాం ఇస్తున్నట్టు ఉండేది. మా వరసలోంచి మాత్రం "బావగారూ, అటు ఎండగా ఉన్నట్టుంది, ఇటు రండి" లాంటివి వినపడేవి. అయినా ఆత్రేయపురంవాడి గురి ఆవేళ తప్పలేదు. ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వాళ్ళకి పదిహేను, మాకు పద్నాలుగు దాకా వచ్చాం.

ఆ తర్వాతి రౌండు పోతే అంతా పోయినట్టే. మాలో ముగ్గురు పోయారు. నేనూ బావగారూ మిగిలాం, వాళ్ళు ఇద్దరు. బావగారు గుమ్మం దాటబోతున్నారు. బయట ఇద్దరూ కాచుకునున్నారని నాకు అడుగుల చప్పుడుతో తెలిసిపోయింది. నోరు వంగడానికి టైము లేదు.

"ఒరేయ్, ఆగరా అక్కడ!" అని అరిచాను.

బావగారు మేకు కొట్టినట్టు ఆగిపోయారు. రెండు క్షణాలకి ఆ ఇద్దరూ ఓపిక పట్టలేక లోపలికొచ్చారు. ఆయన ఇద్దర్నీ చెరో తూటాతో పడగొట్టారు. పదిహేను, పదిహేను. మండపం ఈలలతో దద్దరిల్లింది.

మా వరసలో ఎవ్వరూ ఈల వెయ్యలేదు. చేపలవాళ్ళబ్బాయి నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. ఆత్రేయపురంవాడు మౌసు వదిలేసి చెంపలేసుకున్నాడు, అన్నది వాడే అన్నట్టు. బావగారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన మొహంలో ఏముందో నాకు కనపడలేదు. నాకు కనపడిందల్లా నాన్న మొహం, తుని స్టేషను, మామిడికాయల గంపలు. పోయిన రౌండు గురించి మాట్లాడకూడదని రూలు పెట్టినవాణ్ణి, నేనే "క్షమించండి బావగారూ, తొందరలో నోరు జారింది" అన్నాను. ఆయన ఏదో అనబోయారు. అంతలో చివరి రౌండు మొదలైపోయింది.

ఆ రౌండులో అంతా మా చేతికే వచ్చింది. బాంబు పెట్టేశాం. అవతల ఒక్కడే మిగిలాడు, ఇవతల మళ్ళీ బావగారూ నేనూ. వాడే మా దగ్గరికి రావాలి, మేం కదలకుండా కూర్చుంటే చాలు. బావగారు కదిలారు. వాడి తుపాకి మొన గోడ పక్కనుంచి నాకు కనిపిస్తోంది. "ఆగు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "బావగారూ, తమరు ఒక్క క్షణం" అన్నాను.

మా వైపు ఎవరినైనా అంత గౌరవంగా పిలిస్తే ఏం చేస్తారు? తల తిప్పి చూస్తారు. ఆయనా అదే చేశారు. తెర వదిలేసి, నావైపు తిరిగి, "చెప్పవయ్యా" అన్నారు.

చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాడు ముందు ఆయన్ని, తర్వాత నన్ను కొట్టేసి, తాపీగా వెళ్ళి బాంబు తీగ తెంపేశాడు.

మండపం మెట్లు దిగుతుంటే బావగారు ఒకే ఒక్క మాటన్నారు. "తిట్టి బతికించావు. మళ్ళీ మర్యాద చేసి చంపేశావు కదయ్యా." అంతే. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. రాజమండ్రి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. ఆయనకి కోపం వచ్చిందని నాకు రూఢి అయిపోయింది. ఓడినందుకు ఒక తుని, తూలినందుకు ఇంకో తుని అనుకుని బస్సులోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, పక్కవాళ్ళకి కనపడకుండా.

ఇంటికెళ్ళేసరికి నాన్న వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. అల్లుణ్ణి చూసి లేచి నిలబడి, కండువా సర్దుకున్నారు.

"ఏమయిందండీ?" అన్నారు.

"ఓడిపోయామండి మావయ్యగారూ" అన్నారు బావగారు.

నాన్న నావైపు చూశారు. ఆ చూపులో రైలు టైము కూడా ఉంది. "వీడేమన్నా మాట తూలాడా?"

"అయ్యో, లేదండి. ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నారు. నేనే తల తిప్పాను. ఓటమి పూర్తిగా నా వల్లేనండి."

"అబ్బే, మీ వల్లెందుకవుతుందండీ" అన్నారు నాన్న, ఆలోచించకుండానే. తప్పు తనదని అల్లుడంటే అవునని ఒప్పుకునే మామగారు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. "ఇదంతా వీడి..."

"వీడిదంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది కదండీ" అన్నారు బావగారు, ఎంతో నెమ్మదిగా.

నాన్న కండువా మళ్ళీ సర్దుకున్నారు. నా తప్పంటే అల్లుణ్ణి అబద్ధాలకోరు అన్నట్టు. అల్లుడి తప్పంటే ఇంకేమన్నా ఉందా. లోపల్నుంచి అమ్మ, "ఎవరి తప్పూ కాదు, దిష్టి తగిలుంటుంది" అంది. నాన్న ఆ మాట పట్టుకుని ఒడ్డున పడ్డారు.

"అంతేనండి" అన్నారు బావగారు. "వచ్చే నెల భీమవరంలో ఇంకో పోటీ ఉందండి. వీడు లేకపోతే నాకు చెప్పేవాళ్ళుండరు."

"మీరు వెళ్తానంటే నేను కాదంటానా అండీ" అన్నారు నాన్న. ఆ గొంతు విన్న నాకు ఆయన మీద జాలేసింది కూడా.

నాన్న లోపలికి వెళ్ళారు. బావగారు చెప్పులు విప్పుకుంటూ, బస్సులో చూసినట్టే ఎటో చూస్తూ, మీసాల్లో నవ్వుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, రెండు గంటలసేపు ఆయన కిటికీలోంచి దేన్ని చూశారో. మా జట్టులో ఎత్తులు వేసేవాణ్ణి నేనేనని అప్పటిదాకా అనుకున్నాను.