భూపాలపల్లి దారిలో చందా డబ్బా

ఎనభైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాణ్ణి. నా పని ఏమిటో ఇంట్లోవాళ్లకు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఒక పెద్ద హాలు నిండా బీరువాల్లాంటి పెట్టెలు, వాటికి ఎప్పుడూ చల్లగాలి. అన్నీ కలిస్తే ఒకటే యంత్రం. జీతాల విభాగం, స్టోర్సు, ఇంజనీర్లు అందరూ దాని మీదే ఒకేసారి పనిచేసుకోవాలి. యంత్రం మొత్తం తమ ఒక్కరిదే అని ఎవరికి వారికి అనిపించేలా దాన్ని లోపల పంచిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఉండేది. ఉన్నది ఒక్క యంత్రమే అయినా, వాడుకునేవాళ్లకు పది యంత్రాలు ఉన్నట్టే. ఆ ప్రోగ్రామును కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం. దానిలో తప్పులు బయటపడ్డప్పుడల్లా తయారుచేసిన కంపెనీ సరిదిద్ది, పళ్లెమంత టేపు చుట్ట మీద ఎక్కించి విదేశం నుంచి పంపేది. సెలవు రోజు చూసి, యంత్రాన్ని ఆపి, ఆ కొత్తదాన్ని ఎక్కించేవాళ్లం.

మా నాయిన జనగామ దగ్గర సేద్యం చేసేవాడు. నేను చెప్పిందంతా విని, "మంచిదే గని, మరి మిగిలిన తొమ్మిది మిషన్లు ఏడున్నయిరా?" అని అడిగేవాడు. నేను నవ్వేసేవాణ్ణి.

నెలకు ఒకటి రెండు ఆదివారాలు మాత్రం నేను ఆ హాలుకు దూరంగా, బస్సుల్లో, ఊళ్లలో గడిపేవాణ్ణి. దానికి కారణం నా హాస్టలు రోజుల స్నేహితుడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు ఇద్దరం జనగామలో చదువుకుంటున్నాం. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. చిన్న కమతం ఉన్న క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఒకరోజు ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడితే నేను ఒక సందులో దూరి ఎవరి గడపో ఎక్కి బతికిపోయాను. ఆయన కిందపడ్డ ఇంకో పిల్లవాణ్ణి లేపబోయి దొరికిపోయాడు. కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. బడులు మూతపడి అందరి చదువులూ వెనకబడ్డాయి, తర్వాత అందరం ఆ సంగతి మరిచిపోయి బతుకుల్లో పడ్డాం. ఆయన కొడకండ్ల దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు అయ్యాడు.

ఒకసారి హైదరాబాదు వచ్చినప్పుడు మా ఇంట్లో అన్నం తింటూ అన్నాడు.

"తమ్మీ, మా బళ్లె ఒక పిల్ల చేతులమీద పాక్కుంట వస్తది. కాళ్లు రెండు పోలియోతోని పోయినయి. అరచేతులల్ల కాయలు కాసినయి. మొన్న మానుకోటల ఒక డాక్టరు సూసి, ఆపరేషన్ చేస్తే కట్టెల సాయంతోనన్న నిలవడతది అన్నడు. గసొంటోళ్లు ఎంతమంది ఉన్నరో మన దిక్కు!"

మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు. అక్కడి ఆ డాక్టరు పెద్ద మనసున్నవాడు. ఫీజు లేకుండా ఆపరేషన్లు చేస్తానన్నాడు. పట్టీలు, మందులు, కాళ్లకు తొడిగే ఇనుప కడ్డీల బూట్లు, పిల్లలతో వచ్చిన తల్లులకు తిండి, ఇవి మేం చూసుకోవాలి. మా ప్రాంతం నుంచి వచ్చి పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరం కలిశాం. తలా కొంత వేసుకున్నాం, చాలలేదు. చందాలకు బయలుదేరాం. పండ్ల రసం డబ్బాకు పైన చీలిక పెట్టించి, దాని మీద ఎర్రరంగుతో 'పిల్లల పోలియో సాయం' అని అన్నే తన చేత్తో రాశాడు.

జనగామ బజారులో, జఫర్‌గఢ్ అంగడిలో తిరిగాం. జనం ఇచ్చారు. ఇవ్వడం కంటే ముఖ్యం, ఏ ఇంట్లో అలాంటి పిల్లలున్నారో చెప్పారు. భూపాలపల్లి వైపు అడవి పల్లెల్లో ఎక్కువమంది ఉన్నారని ఒక కండక్టరు చెప్పగా అటు పోవాలనుకున్నాం.

అప్పుడే ఆఫీసులో మరో పని తగిలింది. గోదావరి అవతల మా సంస్థకే ఇంకో ఆఫీసు ఉండేది, అక్కడ మా దానిలాంటి యంత్రమే మరొకటి నడిచేది. దాని ప్రోగ్రాము తరచు మొరాయించి, నడుస్తున్న పనులన్నీ మధ్యలో ఆగిపోయేవి. సవరించిన టేపు వచ్చింది. దాన్ని అక్కడికి తీసుకెళ్లి ఎక్కించమన్నారు. శని, ఆదివారాలు భూపాలపల్లి పల్లెల్లో తిరిగి, సోమవారానికి అటు నుంచి అటే పోవచ్చని నేను లెక్కేసుకున్నాను. టేపు చుట్టను దాని ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచి సంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాను.

మొదటి రోజు బాగానే గడిచింది. ఒక గూడెంలో కూలికి పోయే ఒక తల్లి, ఎండిపోయిన కాళ్ల కూతుర్ని చంకనెత్తుకుని మా వెంటే తిరిగింది. "నా బిడ్డ నిలవడతదా సారూ? ఒక్కసారన్న నిలవడతదా?" అని అడుగుతూనే ఉంది. అన్న ఆ పిల్ల పాదాన్ని చేతిలోకి తీసుకుని, వేళ్లు కదపమని ఆడిస్తూ, "క్యాంపుకు తోలుకరా అక్కా. నేనే బస్సు కాడ ఉంట" అన్నాడు.

మర్నాడు మేం రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగా పోలీసు జీపు ఆగింది. ఆ కాలంలో ఆ అడవుల్లో పోలీసులకు, అడవిలో ఉన్న అన్నలకు, అంటే నక్సలైట్లకు, మధ్య పల్లెలు నలిగిపోతున్నాయి. పల్లెల్లో చందా వసూలు అంటే ఎవరికోసమని చూస్తారో మాకు తట్టాలి. తట్టలేదు. డబ్బాను, సంచులను, మమ్మల్ని ఎక్కించుకుని ఒక ఔట్‌పోస్టుకు తీసుకెళ్లారు.

అక్కడి ఎస్సై కోస్తా వైపువాడు. మొదట మర్యాదగానే అడిగాడు.

"ఈ డబ్బు ఎవరికి చేరుస్తున్నారు?"

"పోలియో పిల్లలకు సార్. మానుకోటల క్యాంపు పెడుతున్నం" అన్నాడు అన్న.

"పెడుతున్నం, తింటున్నం," అని ఎస్సై మా యాసను వెక్కిరించాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నా సంచిలోంచి టేపు పెట్టె బయటికి తీశాడు ఒక కానిస్టేబులు. చుట్టూ చేరారు. అడవిలోవాళ్లు పాటలు టేపుల్లో నింపి ఊరూరా వినిపిస్తున్న రోజులు అవి.

"ఏం పాటలున్నయి దీంట్ల?" అన్నాడు కానిస్టేబులు.

"పాటలు కావు సార్. కంప్యూటర్ ప్రోగ్రాము" అన్నాను.

"ఏం చేస్తుందది?" అన్నాడు ఎస్సై.

తెలిసినంత సులువుగా చెప్పాను. "ఒకటే మిషను ఉంటది సార్. దాని లోపల పది మిషన్లు ఉన్నట్టు చేస్తది."

"కనబడతాయా అవి?"

"కనబడవు సార్."

"లేని మిషన్లకు గవర్నమెంటు నీకు జీతమిస్తుందా?"

ఆఫీసు గుర్తింపు కార్డు చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. కానిస్టేబులు ఈలోపల చుట్టను పెట్టెలోంచి తీసి, కొస పట్టుకుని లాగాడు. గోధుమరంగు టేపు నేల మీద కుప్పగా పడింది. వద్దని అరిచాను. నా అరుపుతో వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది. మట్టిలో పడిన ఆ టేపు మీద బూట్ల కాళ్లు తిరుగుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

తర్వాత అన్నను అడిగారు, ఇదివరకు ఎప్పుడైనా అరెస్టయ్యావా అని. ఆయనకు అబద్ధం రాదు. "అయిన సార్. అరవై తొమ్మిదిల. అప్పుడు స్టూడెంట్‌ను" అన్నాడు.

ఆ ఒక్క మాటతో గదిలో గాలి మారిపోయింది. ఆయన్ను లోపలి గదిలోకి తీసుకుపోయారు. తలుపు వేశారు. నాకు దెబ్బల చప్పుడు వినపడింది. ఆయన గొంతు మాత్రం వినపడలేదు.

సాయంత్రానికి మా ఆఫీసులో ఆదివారం డ్యూటీలో ఉన్నవాళ్లకు ఫోన్ కలిసింది. నేను చెప్పింది నిజమేనని తేలి, నన్ను పొమ్మన్నారు. "ఆయన కూడ నాతోనే వచ్చిండు సార్, ఇద్దరిదీ ఒకటే పని" అని కాళ్లావేళ్లా పడ్డాను. "నీ పని నువ్వు చూసుకో" అని గేటు బయటికి నెట్టారు. నేరుగా మానుకోటకు పోయి డాక్టరుకు చెప్పాను. ఆయన క్యాంపు కరపత్రం పట్టుకుని, తనకు తెలిసిన ఒక పెద్ద అధికారిని కలిసి, ఆయన చేత ఫోన్ చేయించి, మర్నాడు నాతో పాటు స్వయంగా వచ్చాడు. మేం పోయేసరికి అన్న ఔట్‌పోస్టు వరండాలో గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. నేను పిలిస్తే పలకలేదు. ముందుకు పోయి నిలబడ్డాక తలెత్తి చూశాడు.

"డబ్బ ఇచ్చిన్రా?" అని అడిగాడు.

డబ్బా ఇచ్చారు, మూత పగలగొట్టి. మానుకోటకు బస్సెక్కాం. డాక్టరు చెవి పరీక్షించి, పొర చిరిగిందని, ఆ చెవి ఇక సరిగా వినపడదని చెప్పాడు.

ఆఫీసులో నాకు మెమో ఇచ్చారు. అధికారికమైన పనిని సొంత పనితో కలిపినందుకు, టేపు పాడైనందుకు. అందులో తప్పేమీ లేదు. ఇంకో టేపు తెప్పించడానికి నెలలు పట్టింది. అంతవరకు గోదావరి అవతల యంత్రం పాత తప్పుతోనే నడిచింది, అది ఆగిన ప్రతిసారీ అక్కడి వాళ్ల కోపం నా మీదే. నేను పడిన మాటలు నాకు పెద్దగా తగలలేదు. నా మనసంతా ఆ వరండాలోనే ఉంది.

క్యాంపు పెట్టాం. కొడకండ్ల పిల్ల వచ్చింది, జఫర్‌గఢ్ వైపు నుంచి వచ్చారు, ఆపరేషన్లు బాగానే జరిగాయి. భూపాలపల్లి వైపు నుంచి ఒక్కరూ రాలేదు. మాకు చందా ఇచ్చినవాళ్లను ఔట్‌పోస్టుకు పిలిపించి అడిగారని తర్వాత తెలిసింది. ఇక ఎవరొస్తారు? అన్న మాత్రం క్యాంపు జరిగినన్ని రోజులూ పొద్దున మొదటి బస్సు నుంచి బస్టాండులో నిలబడ్డాడు. అప్పటికి ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. పోలీసు జీపు కనబడితే చెట్టు వెనక్కో, దుకాణం లోపలికో పోయి నిలబడేవాడు.

"ఇంటికి పోదాం పా అన్నా. ఇగ రారు" అన్నాను చివరి రోజు.

"బస్సు కాడ ఉంట అని చెప్పిన గద తమ్మీ" అన్నాడు.

తర్వాత కూడా ఏడాదికోసారి క్యాంపు పెడుతూ వచ్చాం, పల్లెలకు పోకుండా, పట్నంలో నాటకం ఆడించి టికెట్లమ్మిన డబ్బుతో. ఎనభైల చివర్లో ఒక క్యాంపుకు, భూపాలపల్లి వైపు మా వెంట తిరిగిన ఆ గూడెం తల్లి వచ్చింది. కూతురు బాగా ఎదిగింది. చంకనెత్తుకోలేక వీపు మీద మోసుకొచ్చింది. డాక్టరు చాలాసేపు కీళ్లు వంచి చూసి, నన్ను పక్కకు పిలిచాడు. ఎముకలు గట్టిపడి వంకర తిరిగాయని, మొదటిసారి తెచ్చి ఉంటే ఆపరేషన్ పనికొచ్చేదని, ఇప్పుడు చెయ్యగలిగింది తక్కువని అన్నాడు. ఒక కాలికి ఇనుప బూటు కట్టి, రెండు చంక కర్రలతో ప్రయత్నించవచ్చు, అంతే.

ఆ మాట తల్లికి నేను చెప్పలేకపోయాను. అన్నే చెప్పాడు. ఆమె ఏడవలేదు. "అప్పుడు మా ఆయిన పోవద్దన్నడు సారూ. భయపడ్డడు" అంది.

"భయం అందరికున్నదక్కా" అన్నాడు అన్న.

హనుమకొండలో కడ్డీల బూట్లు చేసే మనిషి దగ్గరికి ఆ పిల్లను ఆయనే తీసుకుపోయాడు. కొలతలు తీసేటప్పుడు పిల్ల భయపడి ఏదో అడుగుతుంటే, వినపడే చెవిని దాని నోటి దగ్గరికి వంచి వింటూ కూర్చున్నాడు. బూటు తయారయ్యేవరకు తల్లీబిడ్డలు ఆయన ఇంట్లోనే ఉన్నారు. పిల్ల గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిందని నాకు కార్డు రాశాడు.